మైల, ఎంగిలి, సర్క్యులర్ ఎకానమీ

భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో కాకతీయుల నాటి గణపసముద్రం చెరువు ఉంది. అదే మండలం చెల్పూరులో కాకతీయుల పేరు పెట్టుకున్న థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన ఆ కేంద్రం 2016లో మరో 600 మెగావాట్లు కలుపుకుంది. చెరువులోకి వాగు మోసుకొచ్చిన ఒండ్రు ఎండాకాలంలో బండెక్కి చేలకు పోతుంది. వానకు చేనులోంచి కొట్టుకుపోయిన మట్టే అలా తిరిగి చేను చేరుతుంది. విద్యుత్ కేంద్రంలోకి వెళ్లిన బొగ్గుకు ఆ తిరుగుదారి లేదు. గోదావరి లోయలో ఆ బొగ్గు పుట్టి పాతిక కోట్ల ఏళ్లు దాటింది, కాలడానికి మాత్రం క్షణాలు చాలు. మన దేశపు బొగ్గు నూరు కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోల దాకా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదను ఎక్కడ పోయాలన్నది ఇంజనీర్లు చూసుకునే పనిగానే ఇన్నాళ్లూ అనుకున్నాం. అంతకంటే ముందు అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని నా వాదన. ఎందుకంటే ఒక వస్తువు పనికిరానిదైందని ఎవరు తేల్చాలి, తేల్చాక దాన్ని ఎవరు ముట్టుకోవాలి అన్న రెండు విషయాలనూ ఈ గడ్డ మీద నిర్ణయించింది ఇంజనీర్లు కాదు, ఆచారం.

తవ్వి తీయడం, వస్తువు చేయడం, వాడడం, పారేయడం అనే ఒంటిదారి వ్యాపారాన్ని వదిలి, వాడిన ప్రతిదాన్నీ మళ్లీ వాడకంలోకి తెచ్చే ఏర్పాటును ఇప్పుడు ప్రపంచమంతా సర్క్యులర్ ఎకానమీ అంటోంది. చైనా 2008లోనే దీనికి చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ 2015లో కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మన దేశం వెనకబడిందేమీ లేదు. థర్మల్ కేంద్రాల బూడిదను వాడి తీరాలన్న తొలి నోటిఫికేషన్ 1999లో వచ్చింది. 2021 డిసెంబర్ 31న వచ్చిన కొత్త నోటిఫికేషన్ నూటికి నూరు శాతం వాడాలని, వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల పరిహారం కట్టాలని చెప్పింది. ప్లాస్టిక్, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త విషయంలో తయారుదారుకే బాధ్యత అంటగట్టే నిబంధనలు 2022లో వరసగా వచ్చాయి. ఇన్ని చట్టాలు, ఇంత పరిశోధన జరుగుతుండగా లెక్కలు మాత్రం వెనక్కి నడుస్తున్నాయి. ప్రపంచం వాడే మొత్తం ముడిసరుకులో తిరిగి వాడకంలోకి వచ్చిన సరుకు వాటా 2018లో 9.1 శాతమని, 2023 నాటికి 7.2 శాతానికి పడిపోయిందని ఆమ్‌స్టర్‌డామ్‌లోని సర్కిల్ ఎకానమీ సంస్థ నివేదికలు చెప్పాయి. తిరిగి వాడడం చేతగాక కాదు. వాడడం కంటే పారేయడం సులువుగా, గౌరవంగా ఉన్నంతకాలం ఆ అంకె పెరగదు. సులువు సంగతి ఆర్థికవేత్తలు చూస్తారు. గౌరవం సంగతి మతంతో తేల్చుకోవాలి.

మతాలు చెప్పలేదా అంటే చెప్పాయి, గట్టిగానే చెప్పాయి. అన్నం నుంచి ప్రాణులు, వాన నుంచి అన్నం, యజ్ఞం నుంచి వాన అంటూ ఒక చక్రాన్ని చూపించి, ఆ చక్రం తిరగడానికి తన వంతు ఇవ్వకుండా తినేవాడిని దొంగ కింద జమకట్టింది గీత మూడో అధ్యాయం. ఖురాన్ దుబారా చేసేవారిని సైతానుకు తోబుట్టువుల్లో చేర్చింది. బౌద్ధుల వినయపిటకంలో ఇంకా వివరమైన కథ ఒకటి ఉంది. ఉదయనుడనే రాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలు దానం చేస్తారు. సన్యాసికి అన్ని బట్టలెందుకని రాజుకు అనుమానం వచ్చి నిలదీస్తాడు. చిరిగిన చీవరాలున్న భిక్షువులకు పంచుతానంటాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవి? పరుపుల మీద కప్పుతాం. ఆ పాత కప్పులు? నేల మీద పరుస్తాం. అవీ పాతబడితే? కాళ్లు తుడుచుకునే పట్టాలవుతాయి. చివరికి పీలికలైతే? ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుతాం. రాజు శాంతించి ఇంకో ఐదు వందల వస్త్రాలు ఇచ్చాడని కథ. ఇరవై శతాబ్దాల కిందటి ఈ సంభాషణలో ఇవాళ్టి విధానపత్రాలన్నీ ఉన్నాయి. వాటిలో లేనిది కూడా ఒకటి ఉంది. వస్తువును ఎంతకాలం వాడతావన్నది దాన్ని పుచ్చుకునే అర్హతకు పరీక్ష అని ఆ రాజు అనుకున్నాడు. కాబట్టి లోపం బోధల్లో లేదు. బోధ పక్కనే, దానికి ఎదురుతిరిగి నడిచిన ఆచారంలో ఉంది.

ఆ ఆచారం పేరు శుద్ధి. ధర్మశాస్త్రాల్లో ద్రవ్యశుద్ధి అని ఒక ప్రకరణం ఉంటుంది. ఏ వస్తువు మైలపడితే ఏం చేయాలో అందులో రాశారు. రాగి, ఇత్తడి, కంచు మైలపడితే పులుపుతో, క్షారంతో, నీళ్లతో తోమితే చాలు, మళ్లీ పవిత్రం. మట్టికుండను మళ్లీ కాల్చాలి. మరీ అపవిత్రమైందాన్ని తాకితే కాల్చినా లాభం లేదు, పారేయాల్సిందే. ఆకుకు ఈ తంటా లేదు, తిన్నాక విసిరేయడమే. చింతపండుతో ఇత్తడి చెంబు తోమే ప్రతి ఇల్లూ తెలిసో తెలియకో ఆ ప్రకరణాన్ని పాటించింది. ఇప్పటి చూపుతో చదివితే ఇది వస్తువుల్ని మళ్లీ వాడదగినవి, పారేయదగినవి అని విడదీసిన పట్టిక. ఆ పట్టిక వెనక రెండు నమ్మకాలున్నాయి. పారేసినదాన్ని నేల జీర్ణం చేసుకుంటుందన్నది మొదటిది. నేల జీర్ణం చేసుకోలేనిదాన్ని ఎత్తడానికి ఒక కులం ఉంటుందన్నది రెండోది. మొదటి నమ్మకం ఆ కాలానికి నిజం, ఇప్పుడు కాదు. రెండోది ఆ కాలంలోనూ అన్యాయమే, ఇప్పుడు నేరం. అయినా మన ఇళ్లలో, పెళ్లిళ్లలో, గుళ్ల దగ్గర ఈ రెండు నమ్మకాల మీదే బతుకుతున్నాం.

విస్తరి సంగతే చూడండి. భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల నుంచి మోదుగాకు, అడ్డాకు తెచ్చి పుల్లలతో కుట్టిన విస్తళ్లలో తరతరాలు తిన్నాయి. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అంటకుండా ఉండాలంటే ఒకసారి తిని పారేసే విస్తరి కంటే మంచి ఏర్పాటు లేదు. విసిరిన విస్తరి పెంటకుప్పలో కలిసి ఎరువయ్యేది, కాబట్టి పారేయడంలో పాపం లేదు. తర్వాత ఆకు పోయి ప్లాస్టిక్ పూత కాగితం వచ్చింది, థర్మాకోల్ వచ్చింది. పారేసే చేతికి ఆ తేడా తెలియలేదు. వాడి పారేసే సంస్కృతి పశ్చిమదేశాల నుంచి దిగుమతైందని తిట్టుకుంటాం కానీ, వచ్చిన అతిథికి మనం కుర్చీ వేసి ఉంచాం. ఎంగిలి భయం ఉన్న సమాజానికి ఒకసారి వాడి పారేసే గ్లాసు వరంలా తోచింది. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నేరమయ్యాక, ఎవరి గ్లాసు వారు పారేసే పద్ధతి ఆ భయానికి మర్యాదైన ముసుగు కూడా అయింది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. ఆ నిషేధం పెళ్లిభోజనాల దగ్గర ఓడిపోతోందంటే, కారణం చట్టంలో ఎంత ఉందో శుద్ధి గురించిన మన ఊహలోనూ అంత ఉంది.

ఇదే సమాజం ఒక పువ్వూ వృథా కాని పండుగను కూడా చేసుకుంది. వానాకాలం చివర గట్ల మీద, బీళ్లలో తమంత తాము పూసే తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చి, తొమ్మిది రోజులాడి, చెరువులో వదిలేస్తారు. పువ్వు నేలది, నీటికి పోయి మళ్లీ నేలవుతుంది. ఇంత అందమైన చక్రంలో ఒక సంగతి మరుగున పడింది. పూజకు పూవునిచ్చే తంగేడు చెట్టే తోలు పదును చేయడానికి చెక్కనిచ్చేది. ఊళ్లో ఎద్దు చచ్చిపోతే దాన్ని ఊరి బయటికి ఈడ్చి, తోలు తీసి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో పదును చేసి, మోటకు తొండంగా, కాళ్లకు చెప్పులుగా, పండుగకు డప్పుగా తిరిగి ఊరికే ఇచ్చింది మాదిగలు. చచ్చిన పశువు శరీరం పొలానికి నీళ్లు తోడే పరికరమై రావడం కంటే పరిపూర్ణమైన పునర్వినియోగం ఏ దేశంలో ఉంటుంది? ఆ పని చేసినవారిని ఊరి బయట ఉంచారు. తంగేడు పువ్వుకు ఊళ్లో చోటు దొరికింది, తంగేడు చెక్క పట్టిన చేతికి దొరకలేదు.

దీని పక్కన జనగామ జిల్లా పెంబర్తిని పెట్టి చూడాలి. హైదరాబాద్–వరంగల్ దారి మీద ఉన్న ఆ ఊరి విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తెతో, ఉలితో మలిచి గుడి తలుపుల తొడుగులు, మకరతోరణాలు, కలశాలు చేస్తారు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పనితనమని చెప్పుకుంటారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లోహానికి ముసలితనం లేదు. పగిలిన బిందె కరిగి రేకై, రేకు తోరణమై గర్భగుడి ముందు నిలబడుతుంది. లోహపు పని, తోలు పని రెండూ ఒక్క తర్కంతోనే నడుస్తాయి. పాతదాన్ని తీసుకుని, నిప్పుతోనో సున్నంతోనో శుద్ధి చేసి, చేతిపనితో కొత్త జన్మ ఇస్తాయి. నైపుణ్యంలో ఎక్కువ తక్కువలు లేవు, ఊరికి అవసరంలోనూ లేవు. ఒకరికి జంధ్యం, ఇంకొకరికి అంటరానితనం దక్కింది చేసిన పనిని బట్టి కాదు, ముట్టుకున్న సరుకును బట్టి. సర్క్యులర్ ఎకానమీకి మన దగ్గర పెద్ద అడ్డంకి ఇదే అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. వస్తువు చక్రాన్ని మూసే మనిషి హోదా ఆ వస్తువు మైలను బట్టి తేలే చోట, ఆ పనిలోకి ఇష్టపడి ఎవరూ రారు. వచ్చినవారు అవకాశం దొరకగానే వెళ్లిపోతారు. వెళ్లిపోవడమే న్యాయం.

ఇక్కడే అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. పాత ఊరిని పర్యావరణానికి ఆదర్శంగా చూపేవారు మా సంకెళ్లను మెచ్చుకుంటున్నారని దళిత మేధావులు అంటారు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ తనవారికిచ్చిన పిలుపుల్లో చచ్చిన పశువులను మోయడం మానేయమన్నది ఒకటి. పర్యావరణవాది కళ్లతో చూస్తే అది ఒక చక్రాన్ని తెంచమని చెప్పడమే. తెంచమనడం సరైనదే, ఎందుకంటే కొందరి అవమానం మీద తిరిగే చక్రం ధర్మచక్రం కాదు. అలాగని ఆ పనిలోని జ్ఞానాన్ని కూడా పారేయాలా? వరంగల్ ప్రాంతంలోనే పుట్టిన కంచ ఐలయ్య 2009 నాటి ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగలను శాస్త్రవేత్తలుగా చూపించారు. ఆ పుస్తకంలోని వేడితో ఏకీభవించనివారు కూడా ఈ ఒక్క మాటను కాదనలేరు. పని వేరు, పనిని ఒక పుట్టుకకు కట్టేయడం వేరు. మొదటిది రసాయనశాస్త్రం, రెండోది కులం. సర్క్యులర్ ఎకానమీ రెండోదాన్ని తెంచి మొదటిదాన్ని నిలుపుకోకపోతే, కొత్త పేరుతో పాత వెట్టినే తెస్తుంది.

ఇలా విడదీసే ప్రయత్నం భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అనే ఈ మూడు జిల్లాల నేల మీదే రెండుసార్లు జరిగింది. జనగామ జిల్లా పాలకుర్తి పేరు మోసిన సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాసి, చాకలి మడివాలు మాచయ్యను, మాదర చెన్నయ్యను, కుమ్మర గుండయ్యను శివుడి సరసన నిలబెట్టాడు. అతను కీర్తించిన కన్నడ శరణుల కాయక సిద్ధాంతం ప్రకారం ఏ పనీ మైల కాదు. పని చేయడమే పూజ, సంపాదన పదిమందితో పంచుకోవడం దాసోహం. మైలను ఉతికే మనిషే భక్తుల్లో మేటి కావడం చిన్న తిరుగుబాటు కాదు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఇప్పటి మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో మరొకటి మొదలైంది. 1912లో అక్కడి అధ్యక్ష మండలానికి బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన సంఘంలో అత్యధికులు మాల మాదిగలు. పుచ్చుకోవడానికే పుట్టారని లోకం అనుకున్నవారికి ఆయన ఇవ్వడం నేర్పాడు, పంటలో, వండే బియ్యంలో కొంత తీసి సంఘానికివ్వడాన్ని ఆరాధనలో భాగం చేశాడు. రెండు ఉద్యమాలూ మనిషి గౌరవాన్ని మాటల్లో, పూజలో నిలబెట్టాయి. కానీ పని తాలూకు ఆదాయంలో వాటా మాట దగ్గర రెండూ ఆగిపోయాయి. ఆ శరణుల వీరశైవం కొన్ని తరాల్లోనే మరో కులమైంది. గౌరవం పూజలో ఇచ్చి కూలి దగ్గర తగ్గిస్తే చక్రం మళ్లీ పాత గాడిలోనే పడుతుంది.

వాటా అన్నది మనకు కొత్త ఊహ కాదు. చెరువు తవ్వించినవారికీ, దాని బాగోగులు చూసేవారికీ ఆయకట్టులో పదో వంతు భూమిని మాన్యంగా ఇచ్చే దశబంధం ఈ నేలలో చాలాకాలం నడిచింది. చెరువును బాగు చేయడం దయాధర్మం కాదు, హక్కున్న పని అని దాని అర్థం. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు, దాని శాసనం ఉన్నాయి. కాకతీయుల వంశవృక్షం తెలిసేది ముఖ్యంగా ఆ చెరువు శాసనం వల్లే. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి, కొడుకును కన్నంత పుణ్యం. ఆ జాబితాలో ఒక లోపం మాత్రం ఉంది. గుడి కట్టడం, తోట వేయడం, చెరువు తవ్వించడం పుణ్యమని చెప్పింది కానీ, పాత చెరువులో పూడిక తీయడానికి అందులో చోటివ్వలేదు. కట్టినవాడి పేరు రాతి మీద ఉంటుంది, తూము దగ్గర నీళ్లు పంచిన నీరటి పేరు ఎక్కడా ఉండదు. దశబంధం ఆ లోపాన్ని భూమితో పూడ్చింది. ఆ మాన్యాలు పోయాక చెరువులూ పూడాయి. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడికతీతను లక్ష్యంగా పెట్టుకుంది. తీసిన మట్టిని రైతులు సొంత ఖర్చుతో చేలకు తోలుకున్నారు. పూడిక మట్టి వేసిన చెలక నేల తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుందని ఇక్రిశాట్, క్రిడా (CRIDA) శాస్త్రవేత్తలు పొలాల్లో చూపించినదాన్ని రైతులు ముందునుంచే ఎరుగుదురు. ఆ పథకం తవ్వకం దగ్గర గెలిచింది. ఏటేటా చూసుకునే మనిషికి వాటా ఏర్పాటు చేయలేదు, అక్కడ మన పాత పుణ్యజాబితాలాగే తప్పింది.

ఇప్పటి చెత్త విధానాల్లోనూ ఇదే తప్పు. 2022 నాటి ప్లాస్టిక్ నిబంధనల ప్రకారం కంపెనీలు తాము అమ్మినంత ప్లాస్టిక్‌ను తిరిగి వాడకంలోకి తెచ్చినట్టు సర్టిఫికెట్లు చూపాలి. నమోదైన రీసైక్లింగ్ కర్మాగారాల నుంచి ఆ సర్టిఫికెట్లు కొనుక్కుంటారు. డబ్బు కంపెనీ నుంచి కర్మాగారానికి పోతుంది. బస్టాండులో సీసాలేరిన మనిషికి అందులో హక్కుగా వచ్చే పైసా లేదు. పల్లెల్లో 2019 నుంచి పల్లె ప్రగతి పేరిట ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, చెత్త వేరుచేసే షెడ్డు ఇచ్చారు. మంచి ఏర్పాటే, కాదనను. ఆ ట్రాక్టరు వెంట నడిచే మల్టీపర్పస్ కార్మికుడికి అప్పుడు ఖరారైన జీతం నెలకు 8,500 రూపాయలు. మురుగు కాలువల్లో మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దిగి చనిపోతే పది లక్షలివ్వాలని 2014లో, ముప్పై లక్షలివ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బతికుండగా దక్కని వాటా చచ్చాక పరిహారంగా పెరుగుతోంది. దీన్ని ఆర్థిక సంస్కరణ అనడం నాకు చేతకాదు.

యంత్రాలొస్తే గౌరవం, మైల గొడవే ఉండదు కదా అనేవారున్నారు. సగం నిజం. మురుగు కాలువలోకి మనిషికి బదులు యంత్రాన్ని దింపాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఏ యంత్రమూ వంటింట్లోకి వచ్చి తడి చెత్త, పొడి చెత్త విడదీయదు. కలిసిపోయిన చెత్త షెడ్డుకు చేరాక దాని నుంచి మంచి ఎరువూ రాదు, శుభ్రమైన ప్లాస్టిక్కూ రాదు. ఇంట్లో విడదీయకపోవడానికి బద్ధకం కొంతే. తిన్న కంచంలోది, బాత్రూంలోది చేత్తో ముట్టి వేరుచేయడం తమ పని కాదన్న భావం ఎక్కువ. ఈ వాదనకు తిరుగులేని సాక్ష్యం పేడ. ఆవుపేడ మనకు పవిత్రం కాబట్టి దాని చక్రం ఏనాడూ పూర్తిగా తెగలేదు. వాకిట చల్లిన చేత్తోనే గింజలు ఎత్తారు, పిడక చేశారు, ఎరువు దిబ్బ పెట్టారు. మనిషి విసర్జన అపవిత్రం కాబట్టి అదే నత్రజని, అదే భాస్వరం ఉన్నా నేలకు చేరకుండా వాగుల్లో కలుస్తోంది. రసాయనశాస్త్రానికి ఆ రెండింటి మధ్య అంత పెద్ద తేడా లేదు. తేడా మన మనసులో ఉంది. ఆ తేడా ఖర్చును నదులు భరిస్తున్నాయి.

జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావిని ఇక్కడ తలచుకోవాలి. 1997–98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తిరైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. ఆ కాలంలోనే పురుగుమందులు మానే దారి పట్టిన ఆ చిన్న ఊరు, 2006 నాటికి రసాయనాలు వాడని గ్రామంగా తనను తాను ప్రకటించుకుంది. పేడ, మూత్రం, వేప, చెరువు మట్టి, మార్చి వేసే పంటలు. స్వచ్ఛంద సంస్థలు, సుస్థిర వ్యవసాయ కేంద్రం శాస్త్రవేత్తలు ఊరి పక్కన నిలబడ్డారు. దిగుబడి పడిపోదా, దేశం తిండి మాటేమిటన్నది న్యాయమైన అభ్యంతరం. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల్ని రాత్రికి రాత్రి నిషేధించి ఆ ఏడే వెనక్కి తగ్గింది, అయినా వరి దిగుబడి కూలిపోయింది. ఆ అనుభవం ఏనెబావిని తప్పని నిరూపించదు, ఏనెబావి ఎందుకు నిలిచిందో చెబుతుంది. ఒక చోట ఏళ్ల తరబడి ఒక్కో చేనులో పరీక్షించుకుంటూ నేల కోలుకునేదాకా ఆగారు, ఇంకో చోట జీవోతో నేలను ఆజ్ఞాపించారు. పరిశోధన, విధానం, ఆచారం మూడూ ఒక్క వేగంతో నడవాలి. ఆచారానికి ఆ వేగం నేర్పడానికి ఓపిక కావాలి.

చివరి అభ్యంతరం భౌతికశాస్త్రానిది. 1971లో నికోలస్ జార్జెస్క్యూ–రోగెన్ అనే ఆర్థికవేత్త, శక్తి ఒకసారి చెదిరాక తిరిగి కూడగట్టలేం కాబట్టి నూటికి నూరు పాళ్లు మూసుకునే ఆర్థిక చక్రం అసాధ్యమని వాదించాడు. అంతకు శతాబ్దం ముందే, 1865లో, విలియం స్టాన్లీ జెవన్స్ ఇంకో చేదు నిజం చెప్పాడు. బొగ్గును పొదుపుగా కాల్చే యంత్రాలు వచ్చిన కొద్దీ ఇంగ్లండ్ మొత్తం మీద కాల్చే బొగ్గు పెరిగింది తప్ప తగ్గలేదు. చెల్పూరు బూడిద మొత్తం ఇటుకలైనా, సిమెంటైనా, గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు తిరిగి రాదు. బూడిదకు గిరాకీ ఏర్పడితే, ఆ గిరాకీయే బొగ్గు కాల్చడానికి ఇంకో సాకు కావచ్చు. ఈ ప్రమాదాన్ని మన ధర్మశాస్త్రకారులు వేరే పేరుతో ఎరుగుదురు. ప్రాయశ్చిత్తం ఉంది కదా అని పాపం చేసేవాడి గురించి వాళ్లు ఆలోచించారు. పశ్చాత్తాపం, మళ్లీ చేయనన్న సంకల్పం లేని ప్రాయశ్చిత్తం పనిచేయదని తేల్చారు. రీసైక్లింగ్ కూడా ప్రాయశ్చిత్తమే. తవ్వకం తగ్గిస్తామన్న సంకల్పం లేకుండా చేస్తే నదిలో మునిగి బయటికొచ్చి మళ్లీ అదే పని చేయడమవుతుంది. బొగ్గు విషయంలో మనం తీర్చగలిగిన అప్పు కొంతే, తీరనిది చాలా ఉంది. ఆ తీరని భాగాన్ని ఒప్పుకోవడం నిజాయితీ. ఒప్పుకున్నవాళ్లు కొత్త గని తెరిచే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనుల మీద బతికే కుటుంబాలను రోడ్డున పడేయమని దీని అర్థం కాదు. గని మూతపడే రోజుకు వాళ్ల బతుకుదారిని ఇప్పటినుంచే లెక్కలోకి తీసుకోవడం కూడా ఆ అప్పులో భాగమే.

2027లో గోదావరి పుష్కరాలొస్తాయి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వరం దగ్గర, గోదావరి ప్రాణహిత కలిసే చోట లక్షలమంది మునుగుతారు. విడిచిన బట్టలు, పూలు, కవర్లు, విస్తళ్లు ఘాట్ల నిండా ఉంటాయి. 2025 మేలో జరిగిన సరస్వతి పుష్కరాలు ఆ రద్దీ ఎలా ఉంటుందో ఇటీవలే చూపించాయి. దేవాదాయ శాఖకూ, ఈ మూడు జిల్లాల కలెక్టర్లకూ, పాలకుర్తి, కురవి, కాళేశ్వరం దేవస్థానాలకూ, డోర్నకల్ సంఘానికీ ఒకటే విజ్ఞప్తి. పుష్కరాల బడ్జెట్ రాసేటప్పుడు మొదటి పద్దుగా పారిశుద్ధ్య కార్మికుల కూలి, చేతి తొడుగులు, బీమా, వాళ్లు వేరుచేసి అమ్మే సరుకు మీద వాళ్లకే దక్కే ఆదాయం రాయండి. విద్యుద్దీపాలంకరణ, హారతి వేదికల పద్దులు ఆ తర్వాత రాసుకోవచ్చు.